గ్యూమ్రీ: అర్మేనియా కొండమీది మైదానంలో నల్లరాతి ఊరు (చూసినవాళ్లు, చదివినవాళ్లు రాయండి)

యెరెవాన్_డాక్టరమ్మ

అందరికీ నమస్కారం. నేను అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఆరేళ్లు మెడిసిన్ చదివాను. ఇప్పుడు మన దేశంలోనే పని చేస్తున్నాను. ఈ ఏడాది అక్కడికి వెళ్తున్న పిల్లల వాట్సాప్ గ్రూపులో ఒకబ్బాయి "గ్యూమ్రీ అంటే ఆ భూకంపం ఊరేనా? అక్కడ చూడ్డానికేముంది?" అని అడిగాడు. అతని తప్పేం లేదు, నెట్‌లో వెతికితే ముందు వచ్చేవి ఆ ఫొటోలే. కానీ నాకు మనసు చివుక్కుమంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను అద్దెకున్న ఇంటావిడది గ్యూమ్రీ. ఆవిడ దగ్గరే నాలుగేళ్లున్నాను. పండగొచ్చినా, పెళ్లొచ్చినా నన్ను వెంటబెట్టుకుని వాళ్ల ఊరు తీసుకెళ్లేది. యెరెవాన్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైలైతే రెండు గంటల పైచిలుకు. ఎడంచేతి వైపు తుర్కియే సరిహద్దు, కుడిచేతి వైపు అరగాట్స్ పర్వతం. దాని ఎత్తు 4,090 మీటర్లు, అర్మేనియాలో అన్నిటికంటే పెద్ద కొండ. రైలు ఎక్కుతూ ఎక్కుతూ షిరాక్ మైదానంలోకి వచ్చేసరికి చెట్లు పలచబడి, ఆకాశం ఒక్కసారి పెద్దదైపోతుంది. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉన్న బల్లపరుపు నేల అది. చలికాలంలో మైనస్ 20కి పడిపోవడం అక్కడ వింతేం కాదు. మొదటిసారి జనవరిలో వెళ్లినప్పుడు స్టేషన్ బయట ఊపిరి పీలిస్తే ముక్కులో తడి గడ్డకట్టింది.

ఊళ్లోకి వెళ్లాక కనపడేది రాయి. నల్లరాయి, మధ్యలో నారింజ ఎరుపు రాయి. దాన్ని టఫ్ అంటారు, అగ్నిపర్వతం బూడిద గట్టిపడి అయిన రాయి. తేలిగ్గా ఉంటుంది, ఉలికి బాగా లొంగుతుంది. అరగాట్స్ పక్కన ఆర్తిక్ గనుల్లో గులాబీ రంగుది దొరుకుతుంది. యెరెవాన్ గులాబీ ఊరైతే గ్యూమ్రీ నల్లటి ఊరు. కుమాయ్రీ అనే పాత పేటలో వెయ్యికి పైగా పాత ఇళ్లు, కట్టడాలు ఉన్నాయి. ఒక్కో గుమ్మం మీద ఒక్కో రకం చెక్కడం, బాల్కనీలకు చేత్తో వంచిన ఇనుప పని. అంత పాత పేట అర్మేనియాలో ఇంకెక్కడా నేను చూడలేదు.

1988 భూకంపం గురించి రాయొద్దని కాదు. ఆ ఊరికి అంతకుముందూ ఆ తర్వాతా బతుకు ఉంది, అది కూడా చెప్పుకుందామని.

పాత_పటాలు

డాక్టర్ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ఊరి పేర్ల దగ్గర నుంచి వస్తాను, ఆ ఊరి కథంతా పేర్లలోనే ఉంది.

పాత పేరు కుమాయ్రీ. అదే వాడుకలో గ్యూమ్రీ అయింది. 1804లో రష్యా సైన్యం ఈ ప్రాంతాన్ని పర్షియా చేతిలోంచి తీసుకుంది, 1813 గులిస్తాన్ ఒప్పందంతో అది ఖాయమైంది. అప్పటికి అదొక చిన్న పల్లె. 1828-29లో రష్యాకూ ఒట్టోమాన్ తుర్కులకూ యుద్ధం జరిగింది. రష్యా గెలిచిన ఊళ్లలో చాలావాటిని ఒప్పందం ప్రకారం తిరిగి ఇచ్చేసి వెనక్కి వచ్చింది. అప్పుడు కార్స్, ఎర్జురూమ్, బయజెత్ ప్రాంతాల అర్మేనియన్లు తుర్కుల కింద ఇక ఉండలేమని మూటాముల్లె కట్టుకుని రష్యా వైపు వచ్చేశారు. వాళ్లలో చాలామంది స్థిరపడిన చోటే గ్యూమ్రీ.

ఈ వలస ఎందుకు ముఖ్యమంటే, వచ్చినవాళ్లలో చేతిపనివాళ్లు ఎక్కువ. రాతిపని, కమ్మరం, వడ్రంగం, రాగిపని, తోలుపని. ఎర్జురూమ్‌ను అర్మేనియన్లు కారిన్ అంటారు. గ్యూమ్రీ యాస ఇప్పటికీ కారిన్ యాసే, ఆ ఇళ్ల కట్టుబడీ కారిన్ పద్ధతే. అంటే పోగొట్టుకున్న ఊరిని ఇంకోచోట మళ్లీ కట్టుకున్నారన్నమాట.

1837లో జార్ నికొలస్ 1 స్వయంగా వచ్చి, తన భార్య అలెగ్జాండ్రా పేరు మీద అలెగ్జాండ్రపోల్ అని మార్చాడు. ఆ కాలంలోనే తుర్కుల సరిహద్దుకు ఎదురుగా గుండ్రటి నల్లకోట కట్టారు, సెవ్ బెర్ద్ అంటారు. గట్టు మీద ఇప్పటికీ ఉంది. 1899లో తిఫ్లిస్ (ఇప్పటి తిబిలిసి) నుంచి రైలు వచ్చింది, ఇక్కడి నుంచి కార్స్‌కు సాగింది. 19వ శతాబ్దం చివరికి జనాభా 30 వేలు. అప్పటి యెరెవాన్‌కు ఏమాత్రం తీసిపోదు. వర్తకం, సంగీతం, నాటకం అన్నీ ఇక్కడే. ఆర్మెన్ తిగ్రన్యాన్ ఒపెరా 1912లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్లోనే.

లెనిన్ చనిపోయాక 1924లో లెనినాకన్ అన్నారు. 1990లో మళ్లీ కుమాయ్రీ, 1992 నుంచి గ్యూమ్రీ. పెద్దవాళ్లు ఇప్పటికీ మాటల్లో లెనినాకన్ అనేస్తారని విన్నాను, నిజమేనా డాక్టర్ గారూ?

యెరెవాన్_డాక్టరమ్మ

నిజమేనండి. మా ఇంటావిడ భూకంపానికి ముందు సంగతి చెప్పేటప్పుడు లెనినాకన్ అనేది, తర్వాతి సంగతికి గ్యూమ్రీ అనేది. ఆవిడకు అవి రెండు వేర్వేరు ఊళ్లు. నాకు ఆ తేడా అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ఉప్పుగూడ_కుర్రాడు

అన్నా, అక్కా, ఒక డౌట్. మా ఉప్పుగూడలో పాత అర్మేనియన్ సమాధులున్నాయి, 17వ శతాబ్దం నాటివి. చిన్నప్పుడు ఆ గోడ పక్కనే క్రికెట్ ఆడేవాళ్లం. రాళ్ల మీద ఏదో వింత లిపి. ఆ మనుషులు ఈ గ్యూమ్రీ వైపు నుంచి వచ్చినవాళ్లేనా?

పాత_పటాలు

కాదు తమ్ముడూ. మన గోల్కొండ, మచిలీపట్నం, మద్రాసు వైపు వచ్చిన అర్మేనియన్ వర్తకులు ఎక్కువగా పర్షియాలోని ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫా పేటవాళ్లు. 1600ల మొదట్లో షా అబ్బాస్ వాళ్లను అరాస్ నది ఒడ్డునున్న పాత జుల్ఫా నుంచి లేపి అక్కడికి తరలించాడు. పట్టు వ్యాపారం వాళ్ల చేతిలో ఉండేది. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక 1794లో మద్రాసులో అచ్చయింది కూడా వాళ్ల వల్లే. గ్యూమ్రీ వాళ్లది పడమటి వైపు, ఒట్టోమాన్ వైపు శాఖ. కానీ నువ్వు చూసిన లిపి మాత్రం అదే. 405 ప్రాంతంలో మెస్రోప్ మాష్తోత్స్ తయారుచేసిన అక్షరాలు. ఈసారి ఆ గోడ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకాస్త శ్రద్ధగా చూడు.

కాంక్రీటు_కబుర్లు

నేను స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. మా కోర్సులో 1988 స్పితాక్ భూకంపం ఒక పాఠమే. మొదటి పోస్టులో డాక్టర్ గారు బాధపడ్డారు కాబట్టి జాగ్రత్తగా రాస్తాను.

1988 డిసెంబరు 7, ఉదయం 11:41. తీవ్రత 6.8. నాలుగు నిమిషాలకే 5.8తో ఇంకొకటి. స్పితాక్ పట్టణం దాదాపు మొత్తం పోయింది. లెనినాకన్ దాదాపు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఘోరంగా దెబ్బతింది. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలో 25 వేలు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు దాదాపు 5 లక్షలు. బడి వేళ, ఆఫీసు వేళ. అందుకే పిల్లలు అంతమంది పోయారు.

దూరంగా ఉన్న ఊరు అంతలా ఎందుకు పడింది? రెండు కారణాలు. ఒకటి నేల. షిరాక్ మైదానం కింద పాత సరస్సుల మెత్తటి మట్టి చాలా లోతుగా ఉంది. గట్టి రాతి మీద ఉన్న ఊరికంటే అలాంటి నేల ఎక్కువగా, నెమ్మదిగా, పెద్ద ఊపుతో ఊగుతుంది. ఎత్తైన భవనాలు కూడా నెమ్మదిగానే ఊగుతాయి. నేల ఊపు, భవనం ఊపు ఒకటైతే ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టే, ప్రతి తోపుకీ పెరుగుతుంది. రెండోది, ఆ ప్రాంతంలో రావచ్చనుకున్న తీవ్రతను తక్కువగా లెక్కవేసి డిజైన్ చేశారు.

ఎక్కువగా కూలినవి 1970, 80ల్లో కట్టిన తొమ్మిదంతస్తుల ప్రీకాస్ట్ ఫ్రేమ్ భవనాలు. స్తంభాలు, దూలాలు ఫ్యాక్టరీలో పోసి తెచ్చి సైట్‌లో కలిపినవి. ఆ కలిపిన చోట్ల వెల్డింగ్ నాసిరకం, మధ్యలో కాంక్రీటు నాసిరకం. శిథిలాల్లో కాంక్రీటు చేత్తో నలిపితే పొడైందని అప్పుడు వెళ్లిన బృందాలు రాశాయి.

గుంటూరు_గోపురం

అంటే పాత రాతి ఇళ్లు నిలబడ్డాయి, కొత్త కాంక్రీటు కూలింది. మన పెద్దల పనితనమే గొప్పదని దీన్నిబట్టి తెలుస్తోంది కదా!

కాంక్రీటు_కబుర్లు

గుంటూరు గారూ, అలా తేల్చేయకండి. చాలామంది అక్కడే పొరబడతారు. పాత ఇళ్లలో ఒకటి రెండంతస్తులవి చాలా నిలిచాయి, నిజం. పనితనం కూడా ఒక కారణమే. కానీ పొట్టిగా, బిగువుగా ఉండే కట్టడానికి ఆ నెమ్మదైన ఊపు అంత అంటలేదు. అదే పాత కాలం రాతిపని అయిన అమెనాప్రకిచ్ చర్చి, అంటే సర్వరక్షకుడి చర్చి, కూలిపోయింది కదా. 1858 నుంచి 1873 దాకా కట్టారు దాన్ని, పాత అర్మేనియన్ నగరం ఆనిలోని పెద్ద చర్చిని నమూనాగా పెట్టుకుని. దాని గుమ్మటం కింద పడింది.

ఇంకో సంగతి. అదే కాలంలో, అదే ఊళ్లో, గోడలే బరువు మోసేలా పెద్ద కాంక్రీటు పలకలతో కట్టిన భవనాలు బాగానే నిలబడ్డాయి. అవీ సోవియట్ కాంక్రీటే, అవీ ఎత్తైనవే. కాబట్టి తేడా పాత కొత్తల్లో లేదు. బరువును, ఊపును ఏ దారిన నేలకు దింపాం, ఆ పని ఎంత నిజాయితీగా చేశాం అన్నదాంట్లో ఉంది. ఆ తొమ్మిదంతస్తుల వాటిలో సరిగ్గా పోయని ఒక్కొక్క జాయింటు వెనక ఒక సంతకం ఉంటుంది. నేను డ్రాయింగు మీద సంతకం పెట్టే ప్రతిసారీ ఈ ఊరు గుర్తొస్తుంది.

యెరెవాన్_డాక్టరమ్మ

చాలా బాగా చెప్పారు. మా ఇంటావిడ ఉన్నది తొమ్మిదంతస్తుల దాంట్లోనే. ఆ ఉదయం రొట్టె కోసం బయటికి వచ్చింది, అంతే తేడా. అంతకంటే నేను రాయను, అది ఆవిడ సొంత సంగతి.

వైద్యం వైపు నుంచి ఒక మాట. శిథిలాల కింద గంటల తరబడి కాళ్లూ చేతులూ నలిగినవాళ్లను బయటికి తీశాక, బతికారు అనుకున్నవాళ్లు రెండు మూడు రోజుల్లో కిడ్నీలు ఆగి చనిపోయారు. నలిగిన కండరంలోంచి విడుదలైనవి రక్తంలో కలిసి కిడ్నీలను మూసేస్తాయి. క్రష్ సిండ్రోమ్ అంటాం. ఒకేసారి వందలమందికి డయాలసిస్ కావలసి వచ్చింది, అన్ని యంత్రాలు అక్కడ లేవు. బయటి దేశాల నుంచి యంత్రాలు, నర్సులు, డాక్టర్లు వెళ్లారు కానీ కొందరికి ఆలస్యమైపోయింది. ఆ అనుభవంతోనే 1989లో అంతర్జాతీయ కిడ్నీ వైద్యుల సంఘం విపత్తుల కోసం ప్రత్యేక దళం ఏర్పాటు చేసింది. తర్వాత తుర్కియేలో 1999లో భూకంపం వచ్చినప్పుడు ఆ దళం అక్కడ పనిచేసింది. ఇప్పుడు శిథిలాల కింద మనిషి ఉండగానే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలని పిల్లలకు నేర్పుతున్నాం. ఆ పాఠంలో గ్యూమ్రీ మనుషుల ప్రాణాలున్నాయి. క్లాసులో ఇది చెప్పిన రోజు నేను ఆవిడకు ఫోన్ చేయకుండా ఉండలేకపోయాను.

తిబిలిసి_బాబాయ్

ఇప్పుడే చూశాను ఈ చర్చ. నేను పక్కనే జార్జియాలో ఉద్యోగం చేస్తున్నాను. మూడు నాలుగు నెలలకోసారి కారేసుకుని గ్యూమ్రీ వెళ్తుంటాను. ఊరి ఇప్పటి సంగతి నేను రాస్తా.

ముందు దొమిక్‌ల గురించి. రష్యన్‌లో చిన్న ఇల్లు అని అర్థం. భూకంపం తర్వాత రెండేళ్లలో ఊరు మళ్లీ కడతాం అని సోవియట్ ప్రభుత్వం మాటిచ్చింది. అన్ని రిపబ్లిక్‌ల నుంచి కూలీలు వచ్చి పని మొదలుపెట్టారు. అప్పటిదాకా తలదాచుకోమని ఇచ్చినవి ఇనుప డబ్బాలు, రైలు పెట్టెలు, కంటైనర్లు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. క్రేన్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పైగా అజర్‌బైజాన్‌తో కరాబాఖ్ ప్రాంతం కోసం యుద్ధం, సరిహద్దుల మూత. భూకంపం భయంతో 1989లో మూసేసిన మెత్సమోర్ అణు విద్యుత్ కేంద్రం 1995 దాకా తెరుచుకోలేదు. రోజుకు గంటో రెండు గంటలో కరెంటు. మైనస్ 20లో ఇనుప డబ్బాలో ఆ చలికాలాలు ఎలా గడిచి ఉంటాయో మీరే ఆలోచించండి. పుస్తకాలు, బల్లలు, పార్కుల్లో చెట్లు కాల్చుకుని బతికారు. రెండేళ్లకని ఇచ్చిన ఆ డబ్బాల్లో పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకున్నవాళ్లున్నారు. 2000 తర్వాత దాతల డబ్బుతో చాలా ఇళ్లు కట్టారు, దొమిక్‌లు బాగా తగ్గాయి. కానీ పూర్తిగా పోలేదు. నేను కిందటిసారి వెళ్లినప్పుడు కూడా ఒక సందులో డబ్బా ముందు బట్టలు ఆరేసి ఉన్నాయి, కిటికీలో జిరేనియం కుండీ.

కొత్తగా కట్టిన పేటలకు పెట్టిన పేర్లు చూడండి: ఒకటి ఆని, ఒకటి ముష్. రెండూ ఇప్పుడు తుర్కియేలో ఉన్న పాత అర్మేనియన్ ఊళ్ల పేర్లు.

ఇక జనం. భూకంపానికి ముందు రెండు లక్షల పైన ఉండేవాళ్లు. 2011 లెక్కల్లో 1 లక్షా 22 వేలు. మగవాళ్లలో చాలామంది రష్యాకు పనికి పోతారు, వసంతంలో వెళ్లి చలికాలానికి వస్తారు. మన పాలమూరు వలస, గల్ఫ్ వలస తెలిసినవాళ్లకు ఆ ఇళ్ల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

తిబిలిసి_బాబాయ్

(పెద్దదైపోయిందని రెండు ముక్కలు చేశాను.)

తిండి. పనిర్‌ఖాష్ అని ఉంది, ఇది గ్యూమ్రీది. ఎండిన లవాష్ రొట్టె ముక్కలు, పీచు పీచుగా ఉండే జున్ను, వెన్నలో ఎర్రగా వేయించిన ఉల్లిపాయ పొరలు పొరలుగా వేసి మరిగే నీళ్లు పోసి మగ్గనిస్తారు. చలిలో పొద్దున్నే తింటే సాయంత్రం దాకా ఆకలుండదు. మాంసం తినేవాళ్లకు క్యాల్లా, ఆవు తలకాయను రాత్రంతా పొయ్యిలో ఉడికించేది. శాకాహారులు తతార్ బొరాకీ అడగండి, పిండి బిళ్లలు ఉడకబెట్టి మీద వెల్లుల్లి కలిపిన గడ్డపెరుగు, వేగిన ఉల్లిపాయ వేస్తారు. పెరుగును వాళ్లు మత్సూన్ అంటారు. మన నాలుక్కి ఇట్టే పట్టేస్తుంది.

చేతిపని ఇంకా ఉంది. అప్పట్లో ప్రతి వృత్తికీ ఒక సంఘం, ఎస్నాఫ్ అంటారు. దానికి ఒక పెద్ద, సొంత జెండా, పండగల్లో జెండాల వెనక ఊరేగింపు. కుర్రాడు ఏళ్ల తరబడి పని నేర్చుకుని, అందరి ముందూ పరీక్ష నెగ్గితేనే ఉస్తా. మన ఉస్తాద్ మాటే అది. బజారు వెనక సందులో ఒక కమ్మరాయన దగ్గర నేను గేటు గడియ కొన్నాను, ద్రాక్షతీగ మెలిక తిప్పినట్టుంటుంది. ధర అడిగితే ముందు కాఫీ తాగమన్నాడు.

అర్మేనియా మొత్తంలో హాస్యానికి ఈ ఊరే పేరు. మన తెనాలి రాముడిలా వాళ్లకు పోలోజ్ ముకూచ్ అని ఒకాయన, కల్పిత పాత్ర కాదు, 20వ శతాబ్దం మొదట్లో ఈ ఊళ్లో నిజంగా బతికిన మనిషి. ఆయన మాటలు ఇప్పటికీ చెప్పుకుంటారు, ఆయన పేరు మీద ఒక పాత ఇంట్లో బీరు హోటల్ నడుస్తోంది. సోవియట్ సినిమాల్లో జనాన్ని నవ్వించిన ఫ్రూన్జిక్ మ్కర్త్‌చ్యాన్ పుట్టింది కూడా ఇక్కడే, 1930లో. ఆయనకు మ్యూజియం ఉంది. కవి అవెతిక్ ఇసహక్యాన్, కవి హోవన్నెస్ షిరాజ్, తాత్త్వికుడు గుర్జీఫ్, శిల్పి మెర్కూరోవ్, అందరూ ఈ ఊరివాళ్లే. టాల్‌స్టాయ్ చనిపోయినప్పుడు ముఖం అచ్చు తీసింది ఈ మెర్కూరోవే.

ఆమదాలవలస_బరువులు

బాబాయ్ గారూ, ఒక పేరు మర్చిపోయారు. యూరిక్ వర్దన్యాన్! 1980 మాస్కో ఒలింపిక్స్, 82.5 కిలోల విభాగం, రెండు లిఫ్టులూ కలిపి 400 కిలోలు ఎత్తాడు. ఆ బరువు విభాగంలో అప్పటిదాకా ఎవరూ 400 అందుకోలేదు. మా ఊరు కరణం మల్లీశ్వరి ఊరు. మా వ్యాయామశాలలో గురువుగారు పాత పత్రికల్లోంచి కత్తిరించిన ఆయన బొమ్మ గోడకు అంటించేవారు. ఆయన లెనినాకన్ వాడని చదివాను కానీ ఆ లెనినాకనే ఈ గ్యూమ్రీ అని ఇవాళే తెలిసింది. ఒళ్లు పులకరించింది.

తిబిలిసి_బాబాయ్

మంచి గుర్తు చేశారు. కుస్తీలో ఆర్తూర్ అలెక్సన్యాన్ కూడా ఈ ఊరివాడే, 2016 రియోలో బంగారు పతకం.

నీలగిరి_కాఫీ

అనాథల నగరం గురించి ఎవరూ రాయలేదేంటి? ఒట్టోమాన్ పాలనలో అర్మేనియన్ల మీద జరిగిన 1915 మారణకాండ తప్పించుకుని వచ్చిన పిల్లలను ఎక్కువగా చేర్చింది అలెగ్జాండ్రపోల్‌లోనే. రష్యా సైన్యం ఖాళీ చేసిన బారకాసుల్లో నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే అమెరికన్ సహాయ సంస్థ అనాథాశ్రమాలు నడిపింది. కజాచీ పోస్ట్, సెవెర్స్కీ, పొలిగోన్ అని మూడు చోట్ల. 20 వేలకు పైగా పిల్లలు! ప్రపంచంలోనే అతి పెద్ద అనాథాశ్రమం అనేవాళ్లు. చదువుతో పాటు నేత, లేసు అల్లిక, వడ్రంగం, చెప్పులు కుట్టడం నేర్పేవారు. ట్రకోమా అనే కంటిజబ్బు ఆ పిల్లల్లో విపరీతం. సెవెర్స్కీలో ఉంచింది ఎక్కువగా ఆ కంటి రోగులనే.

ఆ పిల్లల్లో కొందరికి తమ ఇంటిపేరు గుర్తు లేదు, కొందరికి ఊరి పేరు కూడా. వాళ్లు పెద్దయ్యాక ఈ ఊళ్లోనే మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో చేరి స్థిరపడ్డారు. సోవియట్ కాలంలో లెనినాకన్ బట్టల మిల్లు పెద్ద పేరున్నది.

యెరెవాన్_డాక్టరమ్మ

నీలగిరి గారూ, ఇది రాసినందుకు మీకు దండం. మా ఇంటావిడ అమ్మమ్మ కజాచీ పోస్ట్ పిల్ల. ఆవిడకు తన అసలు పేరు తెలియదట. అక్కడ పెట్టిన పేరుతోనే బతికింది, పోయింది. ఇంట్లో ఆవిడ అల్లిన లేసు గుడ్డ ఒకటి ఉండేది. భూకంపంలో ఇల్లు పోయినా, అది వేరే ఊళ్లో చెల్లెలి దగ్గర ఉండబట్టి మిగిలింది.

పాత_పటాలు

సందర్భం వచ్చింది కాబట్టి 1920 సంగతి కూడా. ఆ నవంబరులో తుర్కియే సైన్యం ఊరిని పట్టుకుంది. డిసెంబరు 2 రాత్రి నుంచి 3 తెల్లవారేలోపు అలెగ్జాండ్రపోల్ ఒప్పందం మీద ఇక్కడే సంతకాలయ్యాయి. అర్మేనియా కార్స్‌ను వదులుకోవలసి వచ్చింది. అదే సమయానికి యెరెవాన్‌లో ప్రభుత్వం సోవియట్‌ల చేతికి పోతోంది. తర్వాత 1921 అక్టోబరులో కార్స్ ఒప్పందంతో ఇప్పటి సరిహద్దు గీత ఖరారైంది. అఖుర్యాన్ నది ఆ గీత అయింది. ఆని నగర శిథిలాలు నదికి అవతలి ఒడ్డున, తుర్కియేలో ఉండిపోయాయి.

కార్స్‌కు గ్యూమ్రీ నుంచి 70 కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు రైలు నడిచింది. 1993లో తుర్కియే సరిహద్దు మూసినప్పటి నుంచి పట్టాలున్నాయి, రైలు లేదు.

గుంటూరు_గోపురం

రష్యా సైనిక స్థావరం ఇంకా ఆ ఊళ్లో ఉందంటారు కదా? సొంత దేశంలో పరాయి సైన్యాన్ని జనం ఎలా చూస్తారు?

తిబిలిసి_బాబాయ్

ఉంది, 102వ స్థావరం. ఒక్క మాటలో చెప్పలేం గుంటూరు గారూ. సరిహద్దు పది కిలోమీటర్లలోపే, అవతల తుర్కియే. 1915 కథలు వింటూ పెరిగిన ఊరు. వాళ్లుంటే ధైర్యం అనే పెద్దవాళ్లు చాలామంది. స్థావరం మీద బతికే కుటుంబాలూ ఉన్నాయి. కానీ 2015 జనవరిలో అక్కడి రష్యన్ సైనికుడొకడు ఒక కుటుంబంలో ఏడుగురిని చంపాడు, ఆరు నెలల పసివాడితో సహా. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. ఆ తర్వాత కుర్రకారు మాట మారింది. 2020, 2023 కరాబాఖ్ యుద్ధాల తర్వాత ఇంకా మారింది. నేను ఒక ఇంట్లోనే తాతా మనవడూ దీని మీద వాదించుకోవడం విన్నాను, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఫస్టియర్_యెరెవాన్

అక్కా, ఆ వాట్సాప్ మెసేజ్ పెట్టింది నేనే. సారీ. ఇదంతా చదివాక మొహం చూపించలేనట్టుంది. వచ్చే శనివారం నేనూ ఇంకో ఇద్దరం వెళ్దామనుకుంటున్నాం. ఒక్కరోజులో ఏం చూడాలి?

యెరెవాన్_డాక్టరమ్మ

అయ్యో, సారీ ఎందుకు నాన్నా. నువ్వు అడగబట్టే కదా ఇన్ని సంగతులు వచ్చాయి.

పొద్దున ఎక్స్‌ప్రెస్‌కు వెళ్లండి, టికెట్టు ముందే కొనుక్కోండి, వారాంతంలో నిండిపోతుంది. స్టేషన్ నుంచి వర్దనాంట్స్ చౌకు నడిచి వెళ్లొచ్చు. అక్కడ ఎదురెదురుగా రెండు చర్చిలు. యోత్ వెర్క్ అంటే ఏడు గాయాలు, అది మేరీమాత చర్చి. దాని ఆవరణలో భూకంపానికి పడిన పాత గుమ్మటాలు ఇంకా నేల మీదే ఉన్నాయి, తీయలేదు. చుట్టూ పిల్లలు ఆడుకుంటుంటారు. ఎదుటిది కాంక్రీటు_కబుర్లు గారు చెప్పిన సర్వరక్షకుడి చర్చి, ఏళ్లకేళ్లు పట్టి మళ్లీ కట్టారు. గోడలో పాత రాయేదో కొత్త రాయేదో గుర్తుపట్టడానికి ప్రయత్నించండి.

తర్వాత జితొఘ్ద్‌స్యాన్ ఇల్లు. 1872 నాటి ఎర్రరాతి ఇల్లు, ఇప్పుడు ఊరి జీవితం మీద మ్యూజియం. చేతిపనుల గదులు తీరిగ్గా చూడండి. ఆ తర్వాత తప్పకుండా అస్లమజ్యాన్ అక్కాచెల్లెళ్ల చిత్రాల మ్యూజియం. మరియం, యెరనుహి ఇద్దరూ చిత్రకారిణులే. మరియం మన దేశం వచ్చి బొమ్మలు వేసింది. నల్లరాతి ఊళ్లో, బయట మంచు, లోపల గోడ మీద చీరకట్టు ఆడవాళ్లు. నేను మొదటిసారి చూసినప్పుడు అక్కడే నిలబడి ఏడ్చాను, ఇంటికి దూరమై అప్పటికి ఏడాదిన్నర.

నల్లకోట సాయంత్రం చూడండి. థర్మల్స్ వేసుకోండి, ఫ్యాషన్ జాకెట్లు పనికిరావు.

ఇంకొకటి. అక్కడ ఎవరైనా మిమ్మల్ని "త్సావద్ తానెమ్" అంటే కంగారుపడకండి. "నీ నొప్పి నేను తీసుకుపోతా" అని అర్థం. మన అమ్మమ్మలు మెటికలు విరిచి "నీ గండం నాకు రానీ" అనరూ, అదే. పేరు చివర "జాన్" అంటారు, అది హైదరాబాద్ పిల్లలకు చెప్పక్కర్లేదు.

ఫస్టియర్_యెరెవాన్

వెళ్లొచ్చాం అక్కా. మైనస్ 11. మీరు చెప్పినవన్నీ చూశాం, ఒక్క నల్లకోట తప్ప. చీకటి పడిపోయింది.

అస్లమజ్యాన్ మ్యూజియంలో కాపలా ఉండే బామ్మ మమ్మల్ని చూసి "హిందుస్తాన్?" అని, చెయ్యి పట్టుకుని సరాసరి ఆ బొమ్మల గదికి తీసుకెళ్లింది. వాళ్ల భాష మాకింకా సరిగ్గా రాదు. ఆవిడ ఒక్కో బొమ్మ చూపించి మా ముఖాల్లోకి చూస్తోంది, సరిగ్గా వేసిందా అని అడుగుతున్నట్టు. మా ఫ్రెండ్ ఫోన్‌లో వాళ్లమ్మ చీరకట్టుకున్న ఫొటో తీసి చూపించాడు. బామ్మ చాలాసేపు చూసి, ఫోన్ స్క్రీన్ మీద వేలుపెట్టి ఆ మాటే అంది, త్సావద్ తానెమ్ అని.

పనిర్‌ఖాష్ తిన్నాం. రైలు ఎక్కేదాకా ఇంకేం తినలేకపోయాం. పరీక్షలయ్యాక మళ్లీ వెళ్తున్నాం, ఈసారి రెండు రోజులు. బాబాయ్ గారూ, ఆ గేటు గడియల కమ్మరాయన సందు ఎటువైపో కాస్త చెప్పరా?

తిబిలిసి_బాబాయ్

బజారు పెద్ద గేటు దాటి ఎడంవైపు తిరుగు బాబూ. సుత్తి చప్పుడు వినపడుతుంది, దాని వెంట పో. కాఫీ ఇస్తే వద్దనకు.